మామిడి పూతకు చలి ఎందుకు కావలెను?

సంక్రాంతి దాటినను మామిడి తోటలో పూత కానరాక, ఎర్రని చిగుళ్లు మాత్రమే వచ్చిన సంవత్సరములు మీకు తెలిసినవే. తోటను గుత్తకు తీసుకొన్నవానికిని, ఇచ్చినవానికిని ఆ చిగురు నష్టమే. దీనికి కారణము తెలిసికొన్నచో కొంతవరకు నివారించుకొనవచ్చును.

రెమ్మ చివరనుండు మొగ్గ పూతగా మారునా, ఆకుగా మారునా అనునది అది కదలునాటి వాతావరణముపై చాలవరకు ఆధారపడియుండును. మామిడి మొక్కలను పగలు 30, రాత్రి 25 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో నుంచి పరీక్షించగా ఆకు చిగురే వచ్చినది. పగలు 18, రాత్రి 10 డిగ్రీల చల్లదనములో నుంచిన మొక్కలు పూసినవి. చలిని గుర్తించునవి ఆకులే. వాటినుండియే పూతకు ప్రేరణ మొగ్గకు చేరును. ఆకులన్నియు తీసివేసిన మొక్క చలిలో నున్నను పూయదు.

మన కోస్తా జిల్లాలలో రాత్రులు అంతగా చల్లబడవు. అయినను నూజివీడు ప్రాంతమున బంగినపల్లి పూయుచునే యున్నది. ఏలయన, ముదిరిన రెమ్మకు కొద్దిపాటి చలి చాలును. నాలుగైదు మాసముల వయస్సుగల రెమ్మ పూతకు సిద్ధముగా నుండును. లేత రెమ్మకు అంతకంటె ఎక్కువ చలి కావలెను. కార్తీకములో వాన కురిసి కొత్త చిగురు వచ్చినచో, అది ముదురులోగా చలికాలము గడచిపోవును.

చలిని మనము తెప్పించలేము. రెమ్మలను సిద్ధపరచుట మాత్రము మన చేతిలోని పని. కాయకోత ముగిసిన వెంటనే ఎండుకొమ్మలు కత్తిరించి, తొలకరిలోనే ఎరువులు వేయవలెను. అప్పుడు వచ్చిన చిగురు డిసెంబరునాటికి ముదురును. వానలు తగ్గిన తరువాత కాపు తోటలకు నత్రజని ఎరువు వేయరాదు, నీరు పెట్టరాదు. కాపుకు రాని లేత తోటలకు ఈ కట్టుబాటు లేదు.

డిసెంబరు వచ్చినను పూత రాలేదని తొందరపడి, నీరు పెట్టి యూరియా వేసినచో పూతకు బదులు చిగురే వచ్చును. రెమ్మలు ముదిరి, మొగ్గలు ఉబ్బియున్నచో లీటరు నీటికి 10 గ్రాముల పొటాషియం నైట్రేటు కలిపి ఆకులు బాగుగా తడియునట్లు చల్లవచ్చును. లేత రెమ్మలపై చల్లిన ఫలితముండదు. పిందె బఠాణీ గింజంత అయిన పిదప తడులు ప్రారంభింపవలెను.

ఈ సంవత్సరము మీ తోటలో చిగురు ఏ తేదీన వచ్చినదో వ్రాసి ఉంచుకొనండి. చలి ప్రారంభమగునాటికి రెమ్మల వయస్సు ఎంతయో ఆ లెక్కయే చెప్పును. నీరు ఆపవలెనా, మందు చల్లవలెనా అనునది దానినిబట్టి నిర్ణయించుకొనవచ్చును.