వేటగాళ్ల సొమ్ముతో బతికే అడవి

ఒకే అడవిలో ఒకరు తుపాకీతో, ఒకరు గాలంతో, మరొకరు బైనాక్యులర్స్‌తో తిరుగుతుంటారు. ముగ్గురికీ అక్కడ హక్కుంది. న్యూజెర్సీలోని ఆసన్‌పింక్ వైల్డ్‌లైఫ్ మేనేజ్‌మెంట్ ఏరియా అలాంటి చోటు. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఎడిసన్‌ నుంచి కారులో గంటలోపే వెళ్లొచ్చు. ప్రవేశ రుసుము లేదు. 6,000 ఎకరాలకు పైగా పొలాలు, అడవి, మూడు పెద్ద చెరువులు. వాటిలో బాస్, క్యాట్‌ఫిష్. పైన బాల్డ్ ఈగిల్స్.

పన్ను కట్టి కాపాడతారు

మన దేశంలో 1972 చట్టంతో వేటకు దాదాపు తెరపడింది. అమెరికా వేటను ఆపలేదు, దానిమీద పన్ను వేసింది. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం రైఫిళ్లు, తూటాలపై వసూలయ్యే 11 శాతం పన్ను రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు చేరుతుంది. 1950లో గాలాల వంటి సామగ్రికీ ఇలాంటి చట్టమే వచ్చింది. లైసెన్సు ఫీజులను వేరే పద్దుకు మళ్లించే రాష్ట్రానికి ఈ వాటా దక్కదు. అసలు కీలకం ఈ షరతే.

ఫలితం కళ్లముందే ఉంది. న్యూజెర్సీలో ఒకప్పుడు పూర్తిగా కనుమరుగైన అడవి టర్కీ కోళ్లను 1977లో 22 తెచ్చి వదిలారు. ఇప్పుడవి వేలల్లో ఉన్నాయి. అలాగని అంతా సంరక్షణే అనుకోనక్కర్లేదు. ఫారంలో పెంచిన ఫెజంట్ పక్షులను వేటకోసమే తెచ్చి ఇక్కడ వదులుతారు. అది వినోదం, అంతే.

వనభోజనాలకు కాదు

కార్తికమాసంలో టిఫిన్ డబ్బాలు సర్దుకుని బయల్దేరే ముందు ఒక్కమాట. ఇక్కడ పిక్నిక్‌లు, మంటలు, ఈత, మద్యం నిషిద్ధం. పైగా నవంబరంటే ఫెజంట్ల వేటకాలం. డిసెంబరులో జింకలపై తుపాకీ వేట. సాధారణంగా ఆదివారాలు తుపాకీలకు సెలవే కానీ, బాణాలతో జింకల వేటకు అనుమతి ఉంది.

గాలం వేయాలంటే 16 ఏళ్లు నిండినవారికి లైసెన్సు కావాలి. 70 ఏళ్లు నిండినవారికి ఉండే మినహాయింపు స్థానికులకే. కాబట్టి మన ఊరి నుంచి వచ్చిన నాన్నగారు సరదాపడితే స్థానికేతరుల లైసెన్సు తీసుకోండి. వేసవిలో గడ్డిలో నడిస్తే పిడుదులు పట్టుకుంటాయి. లైమ్ వ్యాధి వాటివల్లే వస్తుంది. నిండుగా ప్యాంటు వేసుకుని, ఇంటికి రాగానే ఒళ్లంతా చూసుకోవాలి.

వేటకాలంలో నడకకు వెళ్తే మెరిసే నారింజ రంగు చొక్కా తొడుక్కోండి, పిల్లలకూ తొడగండి. ఆ నెలకు వర్తించే నిబంధనలను రాష్ట్ర శాఖ వెబ్‌సైట్‌లో ముందే చదవండి. చేపలు పట్టే ఉద్దేశం లేకున్నా ఒక లైసెన్సు కొనండి. ఉచితంగా నడుస్తున్న అడవికి అది మన వాటా.