అప్‌డేట్ అయింది, అక్షరం ఆగింది

విజయవాడలో పుస్తకాల పేజీలు కూర్చే పని చాలాకాలం పేజ్‌మేకర్ మీదే నడిచింది. దాని 7.0 వెర్షన్ 2001లో వచ్చింది. 2004లో అడోబ్ సంస్థ ఆ సాఫ్ట్‌వేర్‌ మీద పని ఆపేసింది. అయినా అను ఫాంట్లతో కూర్చిన పాత ఫైళ్లు బెజవాడ డీటీపీ షాపుల్లో ఇంకా ఉన్నాయి. అలాంటి ఫైల్లోంచి ఒక పేరా కాపీ చేసి మచిలీపట్నంలోని రచయితకు ఈమెయిల్ చేస్తే, అక్కడ తెలుగు కనిపించదు. ఇంగ్లిషు అక్షరాలు, పొంతనలేని గుర్తులు వరసకడతాయి.

అను లాంటి పాత తెలుగు ఫాంట్లు ఇంగ్లిషు అక్షరాల సంకేతాలకే తెలుగు బొమ్మలు తగిలించాయి. ఫాంటు ఉంటేనే తెలుగు. పైగా ఒక్కో ఫాంటుది ఒక్కో లెక్క. ప్రతి లిపిలోని అక్షరాలకూ సొంత సంకేతాలిచ్చే యూనికోడ్ 1991లోనే తెలుగుకు 128 స్థానాలు కేటాయించింది, 2001 నాటి విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటుతో వచ్చింది. కానీ ఈనాడు, వార్త లాంటి పత్రికల వెబ్‌సైట్లు ఆ తర్వాత కూడా కొన్నేళ్లు సొంత ఫాంట్లతోనే నడిచాయి.

ఈ చిక్కు విప్పింది ‘పద్మ’. నాగార్జున వెన్న రాసి ఉచితంగా ఇచ్చిన ఈ యాడ్-ఆన్ ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లోనూ, థండర్‌బర్డ్ ఈమెయిల్ సాఫ్ట్‌వేర్‌లోనూ పనిచేసేది. పాత ఫాంట్ల సంకేతాలను గుర్తుపట్టి యూనికోడ్‌లోకి మార్చేది. 1990ల్లో అమెరికాలోని తెలుగువాళ్లు ఈమెయిళ్లలో, న్యూస్‌గ్రూపుల్లో ఇంగ్లిషు లిపితో తెలుగు రాసుకున్న ఆర్‌టీఎస్ పద్ధతి కూడా దానికి తెలుసు. పెద్ద కంపెనీలు పట్టించుకోని పని అది. దాన్ని చేసినవాళ్లకు తెలుగు పాఠకులు నిజంగా రుణపడ్డారు.

అయితే యాడ్-ఆన్ తన కాళ్ల మీద తాను నిలబడలేదు. ఫైర్‌ఫాక్స్, థండర్‌బర్డ్‌లను తెచ్చిన మొజిల్లా పాత పద్ధతిలో యాడ్-ఆన్ సాఫ్ట్‌వేర్ లోపలి భాగాల్లో దాదాపు ఎక్కడైనా వేలు పెట్టగలిగేది. పద్మ లాంటివి పుట్టింది ఆ వెసులుబాటుతోనే. లోపల చిన్న మార్పు జరిగినా అవి మొరాయించిందీ దానివల్లే. 2017 నవంబరు 14న వచ్చిన ఫైర్‌ఫాక్స్ 57 పాత తరహా యాడ్-ఆన్‌లన్నిటికీ ఒకేసారి తలుపు మూసింది. థండర్‌బర్డ్ 2020లో 78వ వెర్షన్‌తో అదే పని చేసింది. ఉత్తరాలను ఇతరులు చదవకుండా సంకేతాల్లోకి మార్చే ఎనిగ్‌మెయిల్ కూడా అక్కడే ఆగింది. కాకపోతే దాని పనిని థండర్‌బర్డ్ తనలో కలుపుకుంది. పద్మకు ఆ అవకాశం రాలేదు.

తప్పంతా మొజిల్లా మీద వేయడం న్యాయం కాదు. లోపలంతా తిరగగల యాడ్-ఆన్ చెడ్డవాళ్ల చేతిలో పడితే ఉత్తరాలన్నీ బయటపడతాయి. కానీ నష్టం అందరి మీదా ఒకేలా పడదు. ఇంగ్లిషు వాడకందార్లకు మరో యాడ్-ఆన్ త్వరగానే దొరుకుతుంది. తెలుగు అవసరాల కోసం రాసేవాళ్లే తక్కువ, వాళ్లకు తిరగరాసే తీరిక లేకపోతే ఆ పని అంతటితో సరి.

ఇప్పుడు ఆఫీసుల వంతు వచ్చింది. 2024 ఆగస్టులో అందరికీ అందుబాటులోకి వచ్చిన విండోస్ కొత్త అవుట్‌లుక్ పాత ‘కామ్’ (COM) తరహా యాడ్-ఇన్‌లను అసలు తీసుకోదు. బిల్లులు పంపడానికో, ఉత్తరాలను ఫైలు చేయడానికో వాటి మీద ఆధారపడ్డవాళ్లు కొత్తదానికి మారేముందు ఆ సంగతి తెలుసుకోవాలి.

అలాగని భద్రతా అప్‌డేట్లు ఆపేస్తే అసలుకే ముప్పు. పెద్ద వెర్షన్ మారేటప్పుడు మాత్రం యాడ్-ఆన్ దేనిదాకా పనిచేస్తుందో చూసుకోవాలి. థండర్‌బర్డ్ ప్రొఫైల్ ఫోల్డరును ముందే కాపీ చేసి ఉంచాలి, ఎందుకంటే కొత్త వెర్షన్ వాడిన ప్రొఫైల్‌ను పాత వెర్షన్ మామూలుగా తెరవదు.

కొత్తగా తెలుగు రాయడానికి ఇప్పుడు యాడ్-ఆన్ అక్కర్లేదు. 2019 మే అప్‌డేట్‌తో విండోస్ 10లోనే ఫోనెటిక్ తెలుగు కీబోర్డు చేరింది. మిగిలింది పాత సరుకే. మార్చే పరికరాలు పనిచేస్తుండగానే అను ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులూ గుణింతాలూ మనిషి కంటితో సరిచూసి, మూలం ఫైలును కూడా పక్కన భద్రపరచాలి. ఒక్క ముద్రణతో ఆగిపోయిన పుస్తకాన్ని మళ్లీ అచ్చువేయాలంటే చాలాసార్లు ఆ ఫైలే ఆధారం.