రాజోలు నవలాకారుడు: క్షుద్రమును, విజ్ఞానమును

వసిష్ఠ, వైనతేయ పాయల నడుమ కొబ్బరితోటల మాటున నున్న రాజోలు పేరు చెప్పినంతనే మనవారికి వరిచేలును, కాలువగట్లును తలపునకు వచ్చును. ఒకకాలమున తెనుగింట దీపమార్పుటకు జనులు జంకునట్లు చేసిన నవలయొక్క కర్త పుట్టినదియు నచ్చటనే యని స్మరించువారు కొలదిమంది. ఆ నవల ‘తులసిదళము’. దాని కర్త శ్రీ యండమూరి వీరేంద్రనాథ్‌గారు 1948 నవంబరు 14వ తేదీన రాజోలున జన్మించిరి.

మన విమర్శకు లాయనను రెండు మాటలతో తేల్చివైచుట వాడుక. వ్యాపారరచయిత యనుట యొకటి, క్షుద్రసాహిత్యకర్త యనుట రెండవది. ఈ రెండు మాటలును బొత్తిగా నసత్యములు కావు. కాని వానితో లెక్క ముగియదు.

లెక్క యనుచున్నాము. ఆయన వృత్తిచేత లెక్కల మనిషియే. చార్టర్డ్ అకౌంటెంటు పరీక్షయందు కృతార్థులై, రాష్ట్ర ఆర్థిక సంస్థలోను, పిదప ఆంధ్రబ్యాంకులోను కొలువు చేసిరి. (పట్టాభి సీతారామయ్యగారు 1923లో బందరున స్థాపించిన యా బ్యాంకు 2020 ఏప్రిలులో వేరొక బ్యాంకున విలీనమై పేరు కోల్పోయినది. అది మఱియొక విచారము.) మొదట నాటకములు వ్రాసిరి, ‘రఘుపతి రాఘవ రాజారాం’ పరిషత్తుల నెఱిగినవారికి క్రొత్త పేరు కాదు. నాటకముననే కాబోలు, తెర యెప్పుడు దింపవలయునో నేర్చికొనిరి. వారపత్రికలో సీరియలు వ్రాయువానికి కావలసిన విద్య యదియే. ఏ వారమున నెంత భయము, ఎంత యాశ, ఎంత సమాచారము పంచిపెట్టవలయునో ఆయన చిట్టా వ్రాసినట్లు నిర్ణయించుకొనెడివారు. పైవారము పత్రిక వచ్చువఱకును చదువరికి నిద్ర పట్టరాదు. ఇది సులభమని తలచువారు ఇరువది వారములు వ్రాసి చూతురు గాక.

‘తులసిదళము’ ఆంధ్రభూమి వారపత్రికలో వెలువడినది. కథ యెల్లర కెఱుకయే: తులసి యను పసిపిల్లపై ‘కాష్మోరా’ యను క్షుద్రశక్తి ప్రయోగింపబడును. బిడ్డను దక్కించుకొనుటకు ఒకదెస వైద్యమును, మనోవిజ్ఞానమును, వేఱొకదెస మంత్రమును పెనుగులాడును. బిడ్డను కాపాడిన దేది యని గ్రంథకర్త తీర్పు చెప్పక చదువరికే విడిచిపెట్టెను. దీనికి ‘తులసి’ యను నుత్తరకథ వచ్చెను. కన్నడమున 1985లోను, తెనుగున ‘కాష్మోరా’ పేర 1986లోను చలనచిత్రములు వచ్చెను.

ఇందు హేతువాదులు చేసిన యాక్షేపణ తేలికగా త్రోసిపుచ్చదగినది కాదు. చేతబడి, బాణామతి యనియు, మన యేజెన్సీ భాగములలో చిల్లంగి యనియు పేర్లు పెట్టి, అనుమానముపై ముదుసలులను, దిక్కులేనివారిని కొట్టి చంపిన నాడు గడచిపోలేదు. అట్టి దేశమున క్షుద్రప్రయోగమును కన్నులకు గట్టినట్లు వర్ణించుట నిప్పుతో చెలగాటము. నేను రెండు పక్షములను సమముగా నుంచితినని గ్రంథకర్త యనవచ్చును. త్రాసు చూచిన సమముగనే యున్నది. అయినను పుస్తకము మూసిన పదియేండ్లకు చదువరి మనస్సున మిగులునది వైద్యుని వాదము కాదు, శ్మశానము. భయమునకు జ్ఞాపకశక్తి మెండు. ఈ సంగతి అంతటి నేర్పరియగు కథకునకు తెలియదని మేమనుకొనజాలము.

అయితే ఆ చేతులే మఱియొక పని చేసినవి. దానిని గూర్చి మాటలాడువారు తక్కువ.

‘యుగాంతము’ నందు ఒక నక్షత్రము భూమివైపు వచ్చుచుండును. మంత్రగాడు లేడు, విరుగుడు లేదు. కడపటి గడియలలో మనుష్యుడు ఏమి చేయును? దోచుకొనునా, క్షమాపణ వేడునా, తలుపు వేసికొని భార్యాబిడ్డలతో కూర్చుండునా? ఆంగ్లేయ రచయిత యగు వెల్సు 1897లోనే ఇట్టి నక్షత్రమును గూర్చి చిన్నకథ వ్రాసెను. అతడు కడపట మనలను అంగారకగ్రహమునకు గొనిపోయి, యంతటి యుత్పాతము దూరమునుండి చూచువారికి ఎంత స్వల్పముగా గానవచ్చునో చూపి యూరకుండెను. యండమూరివారు భూమిని విడువరు. ఇరుగుపొరుగు, ఋణము, పగ, అనురాగము, ఇవియే వారికి కావలయును. వారి యంతరిక్షగాథ ‘చీకట్లో సూర్యుడు’ సైతము వారపత్రిక పాఠకునకు ఖగోళశాస్త్రపు రుచి చూపినది. పాఠశాల విడిచిన పిదప శాస్త్రగ్రంథము ముట్టని గృహిణులును, గుమాస్తాలును సూర్యుని జీవితమును గూర్చి ముచ్చటించుకొనుట యల్పవిషయమా?

భవిష్యత్కథ మనకు పరదేశపు సరకని కొందఱందురు. పదునాఱవ శతాబ్దిలో పింగళి సూరన ‘కళాపూర్ణోదయము’న, ముందు జరుగబోవు కథను బ్రహ్మచేత సరస్వతికి ముందే చెప్పించెను, ఆ కథ పిమ్మట లోకమున నడచినది. కల్పనకు మనయందు కొఱత లేదు. కల్పనను కొలత వేసి, ఇది సంభవమా యని ప్రశ్నించు నలవాటే కొఱవడినది. ‘యుగాంతము’ వంటి రచనలకు విలువ యచ్చటనే.

మఱి వానికి మన మిచ్చిన మర్యాద యెట్టిది? చలనచిత్రములవారు ‘అభిలాష’ను 1983లో, ‘ఛాలెంజ్’ను 1984లో, ‘రాక్షసుడు’ను 1986లో తీసిరి. ఉరిశిక్ష, డబ్బు, సాహసము, పైని చెప్పిన క్షుద్రము. వీనికి గిరాకి కలిగెను. నేడు ఆయన పేరెత్తినవాడు ‘తులసిదళము’ననో, ‘విజయానికి ఐదు మెట్లు’ననో తలచును. నక్షత్రము మూడవదియైనను కాదు. తప్పంతయు గ్రంథకర్తదే యని చెప్పి చేతులు కడుగుకొనుట పాఠకులకు సులభము. అంగడిలో కాష్మోరాను కొన్నవారము మనమే.

కోనసీమవారి కీ విషయమున నధికాధికారము గలదు. 1995 జనవరిలో పాశర్లపూడియొద్ద చమురుబావి పగిలి రెండు నెలలకు మించి మంట లాకసము నంటుచుండగా చుట్టుప్రక్కల గ్రామములకు రాత్రియే లేకపోయెను. మఱుసటి యేట నవంబరు 6న వచ్చిన పెనుతుపాను వేయిమందికి పైగా పొట్టబెట్టుకొని కొబ్బరితోటలను నేలమట్టము చేసెను. 2014 జూనులో నగరమున వాయుగొట్టము ప్రేలి నిద్రలోనే జనులు కాలిపోయిరి. యుగాంతమును కాగితముపై చదువనక్కఱలేని సీమ యిది. ఇక్కడి యాపదలకు మంత్రగాడు కారణము కాడు; భూమి యడుగున నున్న వాయువును, దానిని తోడు యంత్రమును, ఆ యంత్రమును కనిపెట్టియుండవలసిన మనుష్యుని యేమరుపాటును, సముద్రమును కారణములు.

‘ఆనందో బ్రహ్మ’ యందు రాబోవు యంత్రయుగపు మనుష్యులకు, గోదావరి యొడ్డున పుట్టిన యొక పల్లెటూరి కుఱ్ఱవాని ప్రేమకథ పూర్వకాలపు వింతవలె గానవచ్చును. క్షుద్రము లేదు, భయము లేదు. కన్నీరు మాత్రము గలదు. అమలాపురము, కొత్తపేట, రాజోలు గ్రంథాలయములలో ‘తులసిదళము’ ప్రతి యట్టలూడి, దారము తెగి యుండుట సహజమే. దాని ప్రక్కన ‘ఆనందో బ్రహ్మ’యు, ‘యుగాంతము’ను గలవో లేవో గ్రంథాలయాధికారులు ఒకసారి బీరువా తెఱచి చూతురు గాక.