గిడ్డంగి కెమెరాలను రికార్డరుతో కలుపు విధము

సంఘపు గిడ్డంగిలోని ధాన్యపు బస్తాలు సభ్యులందఱి సొత్తు. వానిని కనిపెట్టుటకు నెట్‌వర్కు కెమెరాలు పెట్టినంతమాత్రమున చాలదు. బస్తాలు తగ్గినవని తెలియునాటికి, అవి పోయిననాటి చిత్రము రికార్డరులో నిలిచియుండవలయును.

కెమెరాలును రికార్డరును వేర్వేఱు కంపెనీలవైనచో, రెండును ఓన్‌విఫ్ పద్ధతికి లోబడినవేనా యని కొనుటకు ముందే విచారింపవలెను. పి.ఓ.ఇ. పోర్టులు గల రికార్డరు మన గిడ్డంగుల కనుకూలమని మా యభిప్రాయము. ఏలయన, ఒక్క తీగయే కెమెరాకు కరెంటు నిచ్చి, చిత్రమును కొనివచ్చును. ఆ తీగ అచ్చపు రాగిదై, 100 మీటర్లకు మించకుండవలెను.

మొదట రికార్డరులో హార్డుడిస్కు బిగించి, ఫార్మాటు చేసి, తేదీని, గడియారమును సరిచేసి, పరు లూహింపలేని పాస్‌వర్డు పెట్టవలెను. పిమ్మట కెమెరా తీగను పోర్టునందు గ్రుచ్చిన, సాధారణముగా రికార్డరే దానికి ఐ.పి. అడ్రసు నొసంగును. వేఱు స్విచ్చి ద్వారా కలిపినచో, ప్రతి కెమెరాకును ప్రత్యేకమైన అడ్రసుండవలెను. రెంటికి నొకటే యైన చిత్రము సరిగా రాదు.

ఇక నిలువ లెక్క. ఒక కెమెరా సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున రేయింబవళ్లు పంపిన, దినమునకు సుమారు 43 గిగాబైట్లగును. నాలుగు కెమెరాలకు 172. అట్లయిన 2 టెరాబైట్ల డిస్కు 11 దినములకే నిండి, పాత చిత్రము చెఱిగి, దానిచోట క్రొత్తది పడును. నెలకొకమాఱు బస్తాలు లెక్కించు సంఘమున కిది చాలదు. 6 టెరాబైట్లు వలయును.

రికార్డరును గిడ్డంగిలో నుంచరాదు. దొంగ దానినే కొనిపోవచ్చును. ఆఫీసు గదిలో నుంచి తాళము వేయుడు, యు.పి.ఎస్.కు తగిలింపుడు. వారమునకొకమాఱు అన్నిటికన్న పాతదినపు చిత్రమును తీసి చూచి, అది యెన్నాళ్ల క్రిందటిదో పుస్తకమున వ్రాసికొనుడు.