తిరిగివచ్చిన పులి రూపాయి

పిల్లలూ! పోస్టులో పంపిన రూపాయి మళ్ళీ పోస్టులోనే మన గుమ్మంలోకి రావటం మీరెప్పుడైనా చూశారా? నిరుడు వేసవిలో మా ఇంట్లో అది జరిగింది.

మా నాయనమ్మ దాచిన రేకు డబ్బాలో పాత నాణేలు కొన్ని ఉన్నాయి. పదో తరగతి చదివే మా మనమడు వాటిని చూసి, "తాతయ్యా! రెండేసి ఉన్నవాటిలో ఒక్కొక్కటి అమ్మి, మన దగ్గర లేనివి కొందాం," అన్నాడు. నేను సరేనన్నాను.

ఈ రోజుల్లో నాణేల వేలానికి టముకు వెయ్యనక్కరలేదు. నాణెం ఫోటో, వివరం ఆన్‌లైన్‌లో పెడితే చాలు. గడువు ముగిసేలోపల ఎవరు ఎక్కువ పాడితే నాణెం వారిది. ఖాతా మా అబ్బాయి పేరిట తెరిచాము. వివరం రాసింది మాత్రం నేనే. మొదట పెట్టినది 1947 నాటి రూపాయి. ఒకవైపు ఆరో జార్జి రాజు తల, రెండోవైపు నడుస్తున్న పులి. మా ఇంట్లో అందరూ దాన్ని వెండి రూపాయి అనేవారు. నేనూ "వెండి రూపాయి" అనే రాశాను. కింద మా మనమడు "అమ్మినది వాపసు తీసుకోము" అని చేర్చాడు. వాడు దుకాణాల్లో ఆ బోర్డు చూశాడు. పాట నాలుగువందల యాభై దగ్గిర ఆగింది.

పదిరోజుల తరవాత కొన్నాయన దగ్గిరనుంచి సందేశం వచ్చింది. ఆయన కొడుకు తొమ్మిదో తరగతి. కుర్రవాడు దాచుకున్న డబ్బుతోనే నాణెం కొన్నారట. బళ్ళో అయస్కాంతం దగ్గిరకి తీసుకుపోతే అది టక్కున అంటుకున్నదట. "వెండి అంటుకోదని వాళ్ళ మాస్టారు చెప్పారట. మీరేమంటారు?" అని ఆయన మర్యాదగానే అడిగాడు.

ఏమంటాను! ముప్ఫయి ఏళ్ళు పిల్లలకు అయస్కాంతం పాఠం చెప్పినవాణ్ణి, ఇంట్లో ఉన్న రూపాయికి ఒక్కసారి అయస్కాంతం చూపించలేదు.

సంగతి ఇది. 1939 దాకా మన రూపాయిలో పన్నెండు పాళ్ళకు పదకొండు పాళ్ళు వెండి ఉండేది. రెండో ప్రపంచయుద్ధంలో వెండికి కరువు వచ్చింది. 1940లో వెండిని సగానికి తగ్గించారు. 1947లో వేసిన పులి రూపాయిలో వెండి బొత్తిగా లేదు, అది నికెల్. ఇనుములాగే నికెల్‌ను కూడా అయస్కాంతం లాగుతుంది. చూడటానికి తెల్లగా మెరుస్తుంది కనక నాబోటివాళ్ళు వెండి అనుకుంటారు.

"కాని తాతయ్యా, వాపసు లేదని రాశాం కదా!" అన్నాడు మా మనమడు.

"ఒరే, కొన్నవాడికి మనసు మారితే ఆ మాట పనికొస్తుంది. వేలంలో పాడినవాడు పాటకు కట్టుబడాలి, నిజమే. మనం వెండి అని రాసి నికెల్ పంపితే ఆ మాట ఎలా చెల్లుతుంది?" అన్నాను. ఆన్‌లైన్‌లో వ్యాపారం చేసేవారికి 2020లో ప్రభుత్వం నియమాలు పెట్టింది. చెప్పిన లక్షణాలు లేని సరుకును వాపసు తీసుకోమని అనే హక్కు అమ్మినవాడికి లేదు. మేము వ్యాపారులం కాము. అయినా పొరపాటు మాది కనక, పంపిన ఖర్చూ, తిరిగివచ్చే ఖర్చూ కూడా మేమే పెట్టుకుంటామని రాశాను.

పొట్లం వచ్చింది. మావాడు డబ్బు పంపబోతుంటే, "ఆగు, ముందు విప్పి చూద్దాం," అన్నాను. వాడికి కష్టం తోచింది. వాళ్ళు మంచివాళ్ళు కదా, అనుమానించటమేమిటని వాడి బాధ.

అప్పుడు వాడికి నా పాత శిష్యుడి సంగతి చెప్పాను. అతను నాణేలు అమ్ముతుంటాడు. ఒకసారి విక్టోరియా రాణి రూపాయి తిరిగివచ్చింది. సంవత్సరం అదే, బొమ్మ అదే, కాని అరిగిపోయిన వేరే రూపాయి! అతను వేలం నడిపే కంపెనీకి చెప్పుకున్నాడు. అయితే తను పెట్టిన ఫోటో మసకగా ఉంది, బరువు రాయలేదు. ఏది తన రూపాయో అతను రుజువు చెయ్యలేకపోయాడు. డబ్బూ పోయింది, రూపాయీ పోయింది. అప్పటినుంచీ అతను ప్రతి నాణేన్నీ రెండువైపులా, అంచు కనిపించేట్టుగా కూడా ఫోటో తీసి, బరువు గ్రాములో నూరోవంతు దాకా రాస్తున్నాడు. తిరిగివచ్చిన పొట్లాన్ని ఫోను కెమెరా ముందు పెట్టుకునే విప్పుతాడు. మనుషుల చేతులకు రేఖలున్నట్టే వాడిన నాణేలకు గీతలుంటాయి. ఏ రెండింటికీ ఒక్కలా ఉండవు.

మా పొట్లంలో మా రూపాయే ఉంది. రాజు చెవి కింద చిన్న గీత, ఫోటోలో ఉన్నట్టే. కుర్రవాడు దాన్ని తోమలేదు, అది మా అదృష్టం. చింతపండు పెట్టి తోమితే పాత నాణెం విలువ సగం పోతుంది. అలా తోమి పంపితే తిరిగి తీసుకోనక్కరలేదని నా శిష్యుడు ముందే రాసిపెడతాడు. అది న్యాయమే. మావాడు ఆ సాయంత్రమే డబ్బంతా పంపేశాడు.

మర్నాడు మా మనమడు డబ్బాలోని తక్కిన రూపాయలన్నీ పరీక్షకు పెట్టాడు. నీళ్ళగ్లాసును చిన్న ఎలక్ట్రానిక్ తూకం మీద పెట్టి, అంకెను సున్నా చేసి, దారానికి కట్టిన నాణేన్ని అడుగు తగలకుండా నీళ్ళలో ముంచాడు. అసలైన పాత వెండి రూపాయి బరువు 11.66 గ్రాములు. అది నీళ్ళలో మునిగినప్పుడు తూకం సుమారు 1.13 చూపుతుంది. అంతే బరువున్న నికెల్ బిళ్ళ అయితే 1.31 చూపుతుంది. నాణెం ఎంత నీటిని పక్కకు తోస్తుందో అంత బరువు కనిపిస్తుందన్నమాట. ఆర్కిమెడీస్ కథ మీరు చదివే ఉంటారు. అరిగిన రూపాయి బరువు తగ్గుతుంది కనక, ముందు బరువు తూచి ఆ తరవాత లెక్క కట్టాలి. నాణేన్ని తడిగుడ్డతో రుద్దకుండా అద్ది ఆరబెట్టాలి.

పులి రూపాయిని మళ్ళీ వేలానికి పెట్టాము. ఈసారి వివరం మావాడే రాశాడు: "నికెల్. అయస్కాంతానికి అంటుకుంటుంది. చెవి కింద గీత ఉంది." బరువూ రాశాడు. వాపసు గురించిన వాక్యం మార్చి, వర్ణనకు తేడా ఉంటే వారం రోజుల్లోపల తిరిగి తీసుకుంటామన్నాడు. పాట నూటనలభైకి ఆగింది. పాడినది ఎవరో చూస్తే ఆ తొమ్మిదో తరగతి కుర్రవాడి తండ్రే!

వారం తరవాత ఆయన దగ్గిరనుంచి మళ్ళీ సందేశం వస్తే మావాడు గాభరాగా తెరిచాడు. పులిబొమ్మ ఉన్న 1946 నాటి అర్ధరూపాయి మీ దగ్గిర ఉందా అని కుర్రవాడు అడుగుతున్నాడట. మా డబ్బాలో లేదు. మావాడు మా వియ్యాలవారి ఇంట్లో వెతకటానికి బయలుదేరాడు.