పనికో బట్ట, పండక్కో బట్ట

వందేళ్ళ కిందట బెంగళూరు దగ్గరి వైట్‌ఫీల్డ్ దారిలో రెండు లోకాల బట్టలు ఎదురుపడేవి. ఇన్నర్ సర్కిల్ బంగళాల వైపు నుంచి ఫ్రాకులు, మేజోళ్ళు, బూట్లు, సోలా టోపీలు. కాడుగోడి, హూడి, వర్తూరు వైపు నుంచి పంచెలు, తలగుడ్డలు, గోచీ పోసి కట్టిన ముతక నూలు చీరలు. 1882లో మైసూరు మహారాజు చామరాజ ఒడెయరు ఆంగ్లో ఇండియన్ల సంఘానికి 3,900 ఎకరాలు ఇస్తే, డి.ఎస్. వైట్ పూనికతో వెలసిన సేద్యపు కాలనీ ఇది. చుట్టూ పల్లెల్లో తెలుగు మాట్లాడే రైతు కుటుంబాలు అంతకు చాలా ముందునుంచీ ఉన్నాయి.

బట్టల తీరు ఎవరు మారుస్తారని అడిగితే చాలామంది సినిమా తారల పేర్లు చెబుతారు. నేనైతే పని మారుస్తుందంటాను. బతుకుతెరువు మారినప్పుడల్లా రోజూ కట్టే బట్ట మారుతుంది. అక్కరతీరిన పాతబట్ట పెట్టెలోకి పోతుంది, కొన్నేళ్ళకు పండగబట్టగా బయటికొస్తుంది. ఈ వందేళ్ళలో వైట్‌ఫీల్డ్ పొలం నుంచి ఫ్యాక్టరీకి, ఆశ్రమానికి, సాఫ్ట్‌వేర్‌కు వచ్చింది కాబట్టి ఈ సంగతి ఇక్కడ బాగా తెలుస్తుంది.

గోచీకట్టునే తీసుకోండి. ఎనిమిది తొమ్మిది గజాల చీరను నడుముకు చుట్టి, కొంత బట్టను కాళ్ళ మధ్య నుంచి వెనక్కి తీసి దోపుతారు. మోకాళ్ళు స్వేచ్ఛగా ఆడతాయి. చెరువు కింద వరినాట్లకు వంగినా, రాగిచేలో కలుపు తీసినా, గట్టు దూకినా అడ్డం రాదు. పైట బిగించి దోపితే రెండు చేతులూ ఖాళీ. డబ్బులు చెంగున ముడేసుకోవచ్చు, ఆకూవక్కా రొంటిన దోపుకోవచ్చు. జేబు లేని బట్టలో ఇన్ని చోట్లు! ఒక్క కుట్టూ లేకుండా ఇంత ఆలోచన ఇమిడిన బట్ట మళ్ళీ రాలేదని నా నమ్మకం.

ఆడపిల్లలు బడికి, ఆ తర్వాత ఉద్యోగాలకు వెళ్ళడం మొదలయ్యాక గోచీ పోయి, లోపల లంగా, పైన రవికతో ఆరు గజాల కట్టు వచ్చింది. దేశంలో చదువుకున్న ఇళ్ళకు ఈ పద్ధతి అలవాటు కావడంలో ఠాకూర్ల ఇంటి కోడలు జ్ఞానదానందినీ దేవి పాత్ర పెద్దది. బొంబాయిలో పార్సీ స్త్రీల కట్టు చూసి, దానికి జాకెట్టు, పెట్టీకోటు జతచేసి ఆమె కలకత్తాలో ప్రచారం చేశారు. మన అమ్మమ్మల పెళ్ళి ఫొటోల్లోని బుట్టచేతుల రవికలు ఇంగ్లీషు జాకెట్ల వరసే.

మగవాళ్ళు చాలాకాలం మధ్యేమార్గంలో నడిచారు. కింద పంచె, పైన కోటు, తలకు పేటా. 1927లో గాంధీ నంది హిల్స్‌లోను, బెంగళూరులోను కొంతకాలం విశ్రాంతి తీసుకున్నారు. ఆ రోజుల్లో కోటు వదిలి ఖద్దరుకు మళ్ళినవారూ ఉన్నారు. అయినా పంచెను దించింది కారఖానాలేనని నేననుకుంటాను. 1940లో మారతహళ్ళికి దగ్గర్లోనే హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ ఫ్యాక్టరీ మొదలైంది. తిరిగే బెల్టుల పక్కన, లేతు మిషన్ల ముందు వేలాడే పంచె ప్రాణానికే ముప్పు. ప్యాంటు ఇక షోకు కాదు, తప్పనిసరి అయింది. ఉద్యోగం చేసే తండ్రి ప్యాంటు వేస్తే కొడుకుకు నిక్కరు, మనవడి నాటికి పంచె కట్టడమే రాలేదు.

స్వాతంత్ర్యం తర్వాత ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు చాలావరకు ఇంగ్లాండుకు, ఆస్ట్రేలియాకు వెళ్ళిపోయాయి. 1960ల నుంచి కాడుగోడి దగ్గరి బృందావన ఆశ్రమానికి సత్యసాయిబాబా భక్తులు రావడం పెరిగింది. ఒకప్పుడు ఫ్రాకులు నడిచిన దారిలో కోస్తా, రాయలసీమల నుంచి వచ్చిన తెల్లచీరలు, తెల్లచొక్కాలు నడిచాయి. ఇక్కడి కాలేజీ కుర్రాళ్ళదీ తెలుపే. విదేశాల నుంచి వచ్చిన ఆడవాళ్ళు చీరలు, పంజాబీ డ్రెస్సులు నేర్చుకున్నారు. మన కాలేజీ అమ్మాయిలు ఓణీ వదిలి అదే పంజాబీ డ్రెస్సుకు మళ్ళింది కొంచెం తర్వాత.

ఇక్కడ పాలిస్టర్ గురించి ఒక మాట చెప్పాలి, దాన్ని చిన్నచూపు చూడటం ఈమధ్య మర్యాద అయిపోయింది గనుక. 1941లో ఇంగ్లాండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ కనిపెట్టిన ఈ దారం 1960ల్లో టెరిలిన్, టెరికాటన్ పేర్లతో మన చొక్కాల్లోకి వచ్చింది. తర్వాత చీరల్లోకీ వచ్చింది. మొదట్లో ఖరీదెక్కువ. 1985 జౌళి విధానంతో కృత్రిమ దారాల మీద ఆంక్షలు సడలి, క్రమంగా అందరికీ అందింది. నూలు చీర ఉతికి, గంజిపెట్టి, ఆరేసి, ఇస్త్రీ చేయడం ఒక పూట పని. ఆ పూట ఇంటి ఆడవాళ్ళదే. రాత్రి ఉతికి పొద్దున కట్టుకుని బస్సెక్కగల చీర ఎందరో టీచరమ్మలకు, నర్సులకు ఆ పూటను తిరిగిచ్చింది. చెమట పీల్చదు, నేలలో కుళ్ళదు, నిజమే. ఆ లెక్క రాసేటప్పుడు ఈ లెక్కా రాయాలి.

1990ల్లో పక్కనే హోసూరులో తయారైన టీవీఎస్ స్కూటీ బట్టల చరిత్రలో నిలబడాల్సిన బండి. వెనక సీట్లో ఒక పక్కకు కూర్చున్నంతకాలం ఆడవాళ్ళను చీర ఇబ్బంది పెట్టలేదు. హ్యాండిల్ తమ చేతికి వచ్చాక చుడీదార్ కావాల్సి వచ్చింది. చక్రంలో చిక్కుకుంటుందని చున్నీని వెనక్కి ముడేశారు, ఆఖరికి వదిలేశారు. జీన్స్ మీద కుర్తీ దాకా వచ్చిన దారి ఇదే.

అప్పుడే రెడీమేడ్ ఊపందుకుంది. బెంగళూరు కేంద్రంగా మదురా గార్మెంట్స్ 1989లో లూయీ ఫిలిప్, 1993లో ఆలెన్ సాలీ చొక్కాలు తెచ్చింది. శుక్రవారం ఆఫీసుకు కాస్త తేలికైన బట్టలు వేసుకోవచ్చన్న ఆలోచనను ఆలెన్ సాలీ ప్రకటనలు మధ్యతరగతికి అలవాటు చేశాయి. 1990ల చివర్లో వైట్‌ఫీల్డ్‌లో ఐటీపీఎల్ తెరుచుకున్నాక, తెలుగు జిల్లాల నుంచి వచ్చిన ఇంజనీర్లు మొదట టై కట్టారు, తర్వాత శుక్రవారం టీషర్టు వేశారు. ఇప్పుడు వారమంతా శుక్రవారమే. పదవి తెలిపేది కోటు కాదు, మెడలో వేలాడే ట్యాగు.

రెడీమేడ్ రాకతో దర్జీ దూరమయ్యాడు. పెరిగే పిల్లలకు పావడా కుట్టేటప్పుడు అంచుకు పైన రెండు మూడు టక్కులు వేసేవారు. పిల్ల పొడుగైనకొద్దీ ఏడాదికొకటి విప్పేవారు. విప్పినచోట రంగు వెలవని గీత మిగిలేది. బట్ట మనిషితోపాటు పెరిగేది. ఇప్పుడు మనిషి ఎస్, ఎం, ఎల్ అక్షరాల్లో ఇమడాలి. ఆ కొలతలకు మూలం చాలావరకు పరదేశీ పట్టికలే. అందుకే ఒకే మనిషి ఒక కంపెనీలో ఎం, ఇంకో కంపెనీలో ఎల్. మన ఒళ్ళకు తగిన పట్టిక కోసం నిఫ్ట్ సంస్థ 25,000 మందికి పైగా త్రీడీ స్కానర్లతో కొలిచే సర్వే తలపెట్టింది, ఎంతో ఆలస్యంగా. ఈ రెడీమేడ్ చొక్కాలు కుట్టేవాళ్ళు బెంగళూరులోనే లక్షల్లో ఉన్నారు. పీణ్య, బొమ్మనహళ్ళి, మైసూరు రోడ్డు ఫ్యాక్టరీల్లో ఎక్కువమంది ఆడవాళ్ళే. వాళ్ళు ఒకరు కాలరు, ఒకరు కఫ్, ఒకరు గుండీలు కుడతారు. చొక్కా మొత్తం ఒకరి చేతిలో పుట్టదు.

ఇక పండగ సంగతి. కుందలహళ్ళి, మారతహళ్ళి వీధుల్లో మగ్గం వర్క్ బోర్డులు కనిపిస్తాయి. చట్రానికి బిగించిన బట్టమీద కొక్కెం సూదితో పూసలు, జరీ కుడతారు. పెళ్ళిచీర కంటే జాకెట్టుకే ఎక్కువ ఖర్చు అవుతున్న సందర్భాలున్నాయి. లంగా ఓణీ ఒకప్పుడు బడికీ బావికీ కట్టిన బట్ట. ఇవాళ అపార్టుమెంట్ల క్లబ్బుహౌసుల్లో ఓణీల ఫంక్షన్‌కు ఒక పూట కట్టి, ఫొటోలు దిగి, దాచేసే బట్ట. అబ్బాయిల పంచెల ఫంక్షన్‌కు వెల్క్రో అంటించిన పంచె దొరుకుతోంది. పిల్లలు ముచ్చటగా ఉంటారు, నాకూ చూడటం ఇష్టమే. కాని ఈ ముచ్చట నేతగాడి దాకా వెళ్ళేసరికి ఇంకోలా ఉంటుంది. శిడ్లఘట్ట, రామనగర పట్టుగూళ్ళ సంతల నుంచి వచ్చిన పట్టుతో ధర్మవరంలో నేసే పెళ్ళిచీరకు ఇప్పటికీ కొనేవాళ్ళున్నారు. పవర్‌లూమ్ పోటీతో నలుగుతున్నా పెళ్ళిళ్ళ పుణ్యాన అది నిలబడింది. పొలానికి, వంటింటికి, సంతకు కట్టిన సాదా నూలుచీరకు ఆ పెళ్ళి గిరాకీ లేదు. అందుకే మగ్గాలు ఆగడం మొదలైనప్పుడు ముందు ఆగినవి ఆ చీర నేసిన మగ్గాలే.