హజీరాలో తయారీ, ఫ్రాన్స్‌లో కూర్పు

గుజరాత్‌లోని సూరత్ సమీపాన ఉన్న హజీరాలో లార్సెన్ అండ్ టూబ్రో భారీ ఇంజినీరింగ్ కర్మాగారం ఉంది. అక్కడి వెల్డర్లు, ఇంజినీర్లు తాము చేసిన వస్తువును పూర్తి రూపంలో చూడగలరన్న హామీ లేదు. ఫ్రాన్స్‌లో నిర్మాణంలో ఉన్న ఐటర్ కేంద్రక సంలీన రియాక్టర్ కోసం తయారైన క్రయోస్టాట్ అందుకు నిదర్శనం.

రియాక్టర్‌ను ఆవరించి ఉండే ఈ ఉక్కు పాత్ర ఎత్తు, వ్యాసం కూడా సుమారు 30 మీటర్లు. బరువు 3,850 టన్నులు. ఒకే వస్తువుగా తరలించడం అసాధ్యం గనుక 54 భాగాలుగా చేశారు. పైమూత భాగాలు 2020 జూన్ 30న హజీరా నుంచి బయలుదేరాయి.

పని కష్టమంతా అతుకుల్లోనే ఉంది. పాత్ర లోపల శూన్యం నిలవాలి. కంటికి కనబడని రంధ్రం ఉన్నా గాలి చొరబడుతుంది. పైగా వెల్డింగ్ వేడికి వ్యాకోచించిన ఉక్కు చల్లారేటప్పుడు ముడుచుకొని పలకను వంచుతుంది. వంగిన భాగం ఫ్రాన్స్‌లో తన పక్క భాగంతో కలవదు. అందుకే ఏ అతుకు తరువాత ఏది వేయాలో ముందే నిర్ణయిస్తారు. వేసిన అతుకులను ఎక్స్-రే, అతిధ్వని తరంగాల వంటి పద్ధతులతో పరీక్షిస్తారు. వెల్డర్ ఎంత అనుభవజ్ఞుడైనా పరీక్ష ఫలితానిదే తుది మాట. లోపం తేలితే ఆ మేరకు తొలిచి, మళ్లీ అతికి, మళ్లీ పరీక్షించాలి.

భాగాలను కూర్చేందుకు ఐటర్ ఆవరణలోనే ప్రత్యేక వర్క్‌షాపు నిర్మించారు. సుమారు 1,250 టన్నుల పీఠాన్ని 2020 మే నెలలో రియాక్టర్ గోతిలోకి దించారు.